1911 తరహా పిస్టళ్లు: నాణ్యత, నమ్మకం, ధరకు తగ్గ విలువ

నల్లరేగడి (డాలస్):
అందరికీ నమస్కారం. ఏడాదిగా మా ఇంటికి దగ్గర్లోని షూటింగ్ రేంజిలో అద్దె పిస్టళ్లతో సాధన చేస్తున్నాను. పాలిమర్ ఫ్రేము (గట్టి ప్లాస్టిక్‌తో చేసిన, పిడి ఉండే కింది భాగం) ఉన్న కొత్త తరం పిస్టళ్లు నాలుగైదు రకాలు వాడాను. వాటిలో నాకు లోపమేమీ కనిపించలేదు. అయితే పోయిన నెల పక్క లేనులో ఉన్న ఒక పెద్దాయన తన పాత 1911 (ఆ ఏడాది అమెరికా సైన్యం స్వీకరించిన ఉక్కు పిస్టల్ నమూనా) నా చేతికిచ్చి ఒక మ్యాగజైను (పిడిలో పెట్టే తూటాల పెట్టె) కాల్చి చూడమన్నారు. ఉక్కు బరువు అరచేతిలో కుదురుకున్న తీరు, ట్రిగర్ పక్కకు ఊగకుండా నేరుగా వెనక్కి వచ్చి తెగిన తీరు ఇప్పటికీ వేలికి గుర్తున్నాయి. కొంటే ఇదే తరహా పిస్టల్ కొనాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

దీనికోసం 1,000 డాలర్లు పక్కన పెట్టాను. దుకాణంలో టర్కీ నుంచి వచ్చే టిసాస్, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చే రాక్ ఐలండ్ సుమారు 400 నుంచి 550 డాలర్ల మధ్య కనిపించాయి. స్ప్రింగ్‌ఫీల్డ్, రూగర్ వాటికి పైన, కోల్ట్ ఇంచుమించు 1,000 దగ్గర ఉన్నాయి. డాన్ వెసన్ దాదాపు రెట్టింపు. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకే అచ్చులోంచి వచ్చినట్టుంటాయి. మరి ఈ ధరల తేడా దేనికి? తక్కువ ధరది నమ్మవచ్చా? రేంజిలో సాధనకే కావాలి, కాని ఇరవై ముప్ఫై ఏళ్లు నా దగ్గర నిలవాలి. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గోదారిగట్టు (హ్యూస్టన్):
నల్లరేగడి గారూ, తొమ్మిదేళ్లుగా నేను రాక్ ఐలండ్ వారి జీఐ (పాత అమెరికా సైనిక) నమూనా వాడుతున్నాను. మనీలా పక్కన మరికినాలో ఉన్న ఆర్మ్‌స్కార్ కర్మాగారంలో ఇది తయారవుతుంది. లెక్క రాసుకుంటాను కనుక చెప్పగలను, ఇప్పటికి 7,000 రౌండ్లు (తూటాలు) దాటాయి. రికాయిల్ స్ప్రింగు (వెనక్కి వచ్చిన పైభాగాన్ని మళ్లీ ముందుకు తోసేది) మూడు సార్లు మార్చాను, అంతకు మించి దాని మీద పెట్టిన ఖర్చు లేదు. 230 గ్రెయిన్ల బరువున్న గుండ్రటి ముక్కు తూటాలను ఇది తడబడకుండా మింగుతుంది.

దీని పరిమితులు కూడా తెలుసుకోండి. పాత సైనిక నమూనా కావడం వల్ల గురిచూసే గాడి సన్నగా ఉంటుంది, మసక వెలుతురులో కంటికి ఆనదు. హ్యామర్ (తూటాను పేల్చేందుకు వెనకనుంచి కొట్టే భాగం) వెనక్కి వచ్చినప్పుడు బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఉన్న చర్మాన్ని కొరుకుతుంది. లావు చేతులవారికి ఇది చిన్న బాధ కాదు. తుప్పు పట్టకుండా వేసే పార్కరైజింగ్ పూత బూడిదరంగులో గరుకుగా ఉంటుంది. స్లైడ్ (ముందుకూ వెనక్కీ జరిగే పైభాగం) విప్పి లోపల చూస్తే యంత్రం ఉలి నడిచిన గీతలు కనిపిస్తాయి. వీటివల్ల తూటా పేలకుండా ఆగదు. పిస్టల్‌కు 500 పెట్టి మిగిలిన 500 తూటాలకు పెడితే మీ గురి మెరుగుపడుతుంది. 1,000 మొత్తం పిస్టల్‌కే పోస్తే అది బీరువాలో కూర్చుంటుంది.

కాకతీయం (న్యూజెర్సీ):
గోదారిగట్టు గారి లెక్క సబబే గాని, కోల్ట్‌ను ధర ఒక్కదానితో తూచడం నాకు నచ్చదు. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన ఈ పిస్టల్ 1911 మార్చిలో జరిగిన ఆఖరి పరీక్షలో రెండు రోజుల పాటు 6,000 రౌండ్లు ఒక్కసారి కూడా ఆగకుండా కాల్చింది. వేడెక్కినప్పుడు నీళ్లలో ముంచి తీసి మళ్లీ కాల్చారు. పోటీకి వచ్చిన సావేజ్ పిస్టల్ పలుమార్లు మొరాయించింది. అదే నెల 29న అమెరికా సైన్యం దీన్ని స్వీకరించి, 1985లో బెరెట్టా వచ్చేదాకా అధికారిక ఆయుధంగా వాడింది. ఆ పరీక్షలో నెగ్గింది కోల్ట్ పిస్టలే. 2021లో చెక్ దేశపు సీజెడ్ సంస్థ కోల్ట్‌ను కొనుక్కున్నా, పిస్టళ్లు ఇప్పటికీ కనెక్టికట్‌లోనే తయారవుతున్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత అమ్మదలచినా, పిల్లలకు ఇవ్వదలచినా స్లైడ్ మీది కోల్ట్ గుర్తు, ఆ గుర్రం బొమ్మకు ఉన్న విలువ తరగదు.

ఉక్కుపని (డెట్రాయిట్):
నేను పాతికేళ్లుగా కారు విడిభాగాలు తయారు చేసే రంగంలో ఉన్నాను. పిస్టళ్లు నాకు వ్యాపకం మాత్రమే, కాని లోహం నాకు రోజూ అన్నం పెట్టేది. ధరల తేడా దేనికని నల్లరేగడి గారు అడిగిన ప్రశ్నకు ఎవరూ నేరుగా సమాధానం చెప్పలేదు కాబట్టి ప్రయత్నిస్తాను.

ఫ్రేము, స్లైడ్ తయారీకి మూడు దారులున్నాయి. ఎర్రగా కాల్చిన ఉక్కును అచ్చులో పెట్టి బలంగా మోది, తర్వాత యంత్రంతో చెక్కడం ఫోర్జింగ్. కరిగించిన ఉక్కును మూసలో పోసి, తర్వాత నునుపు చేయడం పోత. గట్టి కడ్డీ నుంచి నేరుగా చెక్కుకుంటూ రావడం మూడోది. ఫోర్జింగ్ అంటే శ్రేష్ఠమని, పోత అంటే నాసిరకమని అంగళ్లలో చెబుతుంటారు. కాని రూగర్ తన ఎస్ఆర్1911కు పోత ఫ్రేమునే వాడుతుంది. వారికి పోతపనిలో దశాబ్దాల పట్టు ఉంది. ఎడమ పక్కన ప్లంజర్ గొట్టాన్ని (సేఫ్టీ మీటను దాని చోట పట్టి ఉంచే స్ప్రింగు ఉండే గొట్టం) ఫ్రేముతో కలిపి ఒకే ముక్కగా పోసేస్తారు. మిగతా 1911లలో చాలావాటికి ఆ గొట్టాన్ని విడిగా తయారుచేసి ఫ్రేముకు రివెట్టులాగా బిగిస్తారు. అది వదులైతే సేఫ్టీ మీట పనితీరు దెబ్బతింటుంది. అంటే పోత వల్ల ఈ పిస్టల్‌కు ఒక మేలే జరిగింది. మరోవైపు, తక్కువ ధరకు అమ్మే టిసాస్ ఫ్రేము, స్లైడ్ ఫోర్జింగ్ చేసినవి. కాబట్టి ఆ ఒక్క మాట పట్టుకుని నాణ్యత తేల్చలేం.

చిన్న భాగాల సంగతి వేరు. సియర్ (హ్యామర్‌ను పట్టి ఉంచి, ట్రిగర్ లాగగానే వదిలే ముక్క), హ్యామర్, సేఫ్టీ వంటివాటిని నేడు చాలామంది లోహపు పొడిని జిగురుతో కలిపి, అచ్చులోకి ఎక్కించి, కొలిమిలో కాల్చి గట్టిపరిచే పద్ధతిలో చేస్తారు. దీన్నే మిమ్ అంటారు. కాల్చేటప్పుడు ఆ భాగం దాదాపు అయిదో వంతు కుంచించుకుపోతుంది. ఆ కుంచింపును సరిగ్గా లెక్కగట్టి, కొలిమి వేడిని అదుపులో ఉంచినవారి భాగాలు ఏళ్ల తరబడి నిలుస్తాయి. మేము కార్ల ఇంజన్లలో కూడా ఇలాంటివి వాడుతున్నాం. అయితే ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటా తొడుగును బయటికి లాగే కొక్కెం) మాత్రం ఈ పద్ధతిలో చేసినది కాకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే 1911లో ఎక్స్‌ట్రాక్టర్‌కు విడిగా స్ప్రింగు ఉండదు, ఆ ఉక్కు పుల్లే స్ప్రింగులా వంగి లేవాలి.

ఇక అసలు తేడా. ఈ పిస్టల్ రూపకల్పన 1911 నాటిది. అప్పట్లో పనివాడి జీతం చవక, ఆకురాయి పట్టి భాగాన్ని భాగానికి అమర్చే చేయి ప్రతి కర్మాగారంలోనూ ఉండేది. అలా చేతితో అమర్చితే బాగుండే యంత్రం ఇది. 500 డాలర్ల పిస్టల్‌లో కంప్యూటర్ యంత్రం ఇచ్చిన కొలతనే అంతిమంగా తీసుకుంటారు. 2,000 డాలర్ల పిస్టల్‌లో బారెల్ బుషింగు (బారెల్ ముందు కొసను పట్టి ఉంచే వలయం), స్లైడ్, ఫ్రేము ఒకదానికొకటి సరిపోయేలా ఒక మనిషి కూర్చుని అరగదీస్తాడు. మీరు ఇచ్చే పై డబ్బు ఆ మనిషి గంటలకు. దానివల్ల గురి బిగుస్తుంది, ట్రిగర్ శుభ్రంగా తెగుతుంది. పిస్టల్ ఆగకుండా పనిచేయడానికి మాత్రం అంత బిగింపు అవసరం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో టైపురైటర్లు చేసే రెమింగ్టన్ రాండ్, రైల్వే సిగ్నళ్లు చేసే యూనియన్ స్విచ్, చివరికి కుట్టుమిషన్లు చేసే సింగర్ కూడా 1911ఎ1లు (1911కు కొద్దిగా మార్చిన తర్వాతి రూపం) తయారు చేశాయి. సింగర్ చేసింది 500 మాత్రమే. ఒకరి స్లైడ్ మరొకరి ఫ్రేము మీద నడవాలన్నది సైన్యం పెట్టిన నిబంధన, అందుకే ఆ పిస్టళ్లను ఊపితే గలగలమనేవి. ఆ వదులుతోనే బురదలోనూ పనిచేశాయి.

కాకతీయం (న్యూజెర్సీ):
ఉక్కుపని గారూ, ఇంత స్పష్టంగా నాకెవరూ చెప్పలేదు, కృతజ్ఞతలు. నిజానికి యుద్ధకాలంలో ఎక్కువ పిస్టళ్లు చేసింది కోల్ట్ కాదు, మీరు చెప్పిన రెమింగ్టన్ రాండే. పేరుకున్న విలువ అమ్మకం విలువే గాని పనితనానికి హామీ కాదని మీ వివరణ చదివాక ఒప్పుకుంటున్నాను.

శారద (ఫీనిక్స్):
బుల్స్‌ఐ (గురిపలక నడిబొడ్డున కాల్చే) పోటీల్లో ఆరేళ్లుగా పాల్గొంటున్నాను. ధర పెరిగితే నమ్మకం పెరుగుతుందన్న భ్రమ నాకూ ఒకప్పుడు ఉండేది. అది ఎలా పోయిందో చెబితే నల్లరేగడి గారికి ఉపయోగపడవచ్చు.

నేను మొదట కొన్న 1911 ధర 1,500 డాలర్లకు పైనే. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. పెట్టె తెరిస్తే అద్దంలా మెరిసింది, స్లైడ్ లాగితే వెన్న మీద కత్తి నడిచినట్టుంది. రేంజిలో మొదటి రోజు 50 రౌండ్లలో ఐదుసార్లు ఆగింది. ఖాళీ ఇత్తడి తొడుగు బయటికి ఎగిరిపోకుండా స్లైడ్‌కు, బారెల్‌కు నడుమ నిలువుగా ఇరుక్కునేది. 200 రౌండ్లు కాలిస్తే అదే అలవాటు పడుతుందన్నారు. కాల్చాను, తీరు మారలేదు. తిరిగి పంపితే ఆరు వారాలకు వచ్చింది, పని చేసినట్టు కాగితం కూడా జత చేశారు, కాని జబ్బు అలాగే ఉంది. పైన పటారం, లోన లొటారం అనే మన సామెత ఎన్నోసార్లు గుర్తుకొచ్చింది.

చివరికి మా క్లబ్బులో తుపాకులు బాగుచేసే ఒక వృద్ధ గన్‌స్మిత్ స్లైడ్ మాత్రం విడదీసి చేతిలోకి తీసుకున్నారు. మందు లేని డమ్మీ రౌండును ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కిందికి జొనిపి, స్లైడ్‌ను నెమ్మదిగా అటూ ఇటూ ఊపారు. రౌండు వెంటనే జారి బల్ల మీద పడింది. ఊపినా పడకుండా వేలాడాలి, మరీ బిగుతుగా కూడా ఉండకూడదు అన్నారు. ఎక్స్‌ట్రాక్టర్‌ను బయటికి లాగి, దాని చివరను స్లైడ్‌లోని అదే రంధ్రంలో కొంతవరకు దూర్చి, బొటనవేలితో ఒక్కసారి పక్కకు అదిమి వంచారు. తిరిగి బిగించి రౌండు పెట్టి ఊపితే ఈసారి నిలిచింది. ఐదు నిమిషాల పని. ఆ తర్వాత ఏడాదిలో 3,000 రౌండ్లకు ఒక్కసారి కూడా తొడుగు ఇరుక్కోలేదు.

నా కోపం ఆ కంపెనీ మీద ఇప్పటికీ పోలేదు, ఎందుకంటే అంత ధర తీసుకున్నవారు ఆ ఐదు నిమిషాలు పెట్టలేదు. కాని నేర్చుకున్నది పెద్దది. 1911 ఆగిందంటే పదింట తొమ్మిది సార్లు కారణం మ్యాగజైను గాని, ఎక్స్‌ట్రాక్టర్ గాని అయి ఉంటుంది. మ్యాగజైను పెదవులు (పైన తూటాను పట్టి ఉంచే అంచులు) ఒక వెంట్రుకవాసి విచ్చుకున్నా తూటా ముక్కు తప్పుడు కోణంలో లేస్తుంది. అందువల్ల ఏ పిస్టల్ కొన్నా దానితో వచ్చిన ఒక్క మ్యాగజైనుతో సరిపెట్టకండి. మెక్‌గార్, విల్సన్ కంబాట్ వంటివారివి కనీసం నాలుగు కొనండి. ఈ ఖర్చు 1,000 లోనే లెక్కవేసుకోండి.

నల్లరేగడి (డాలస్):
ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ వందనాలు. మరో రెండు సందేహాలు. ఒకటి, కింద పడితే పేలకుండా ఆపే ఏర్పాటు కొన్నింటిలో ఉంది, కొన్నింటిలో లేదు అంటున్నారు. రెండు, 1911 మొదటి నుంచీ వాడే .45 (0.45 అంగుళాల) తూటా ధర 9 ఎం.ఎం. కంటే దాదాపు రెట్టింపు ఉంది. 9 ఎం.ఎం.లో 1911 తీసుకుంటే తప్పా?

ఉక్కుపని (డెట్రాయిట్):
మొదటిదానికి. కోల్ట్ 1983లో తెచ్చిన సిరీస్ 80లో ట్రిగర్ పూర్తిగా నొక్కితే తప్ప ఫైరింగ్ పిన్ను (తూటా వెనుక గుచ్చి పేల్చే పుల్ల) ముందుకు కదలకుండా ఒక చిన్న ఉక్కు దిమ్మె అడ్డుకుంటుంది. అంతకుముందు నమూనా సిరీస్ 70లో అది లేదు. రాక్ ఐలండ్ ఆ పాత తీరునే అనుసరిస్తుంది. ట్రిగర్‌కు, దిమ్మెకు మధ్య మీటలు చేరడం వల్ల ట్రిగర్ తేలికదనం కాస్త తగ్గుతుందని పోటీలకు వెళ్లేవారు పాతదాన్నే కోరుకుంటారు. స్ప్రింగ్‌ఫీల్డ్, రూగర్ మధ్యేమార్గం పట్టాయి. దిమ్మె పెట్టకుండా, టైటానియంతో తేలికైన ఫైరింగ్ పిన్ను చేసి బలమైన స్ప్రింగు వేశాయి. పిన్ను బరువు తక్కువ కాబట్టి పిస్టల్ కింద పడినా తూటాను పేల్చేంత వేగం దానికి రాదు. కింబర్ కంపెనీ సిరీస్ 2లో దిమ్మెను గ్రిప్ సేఫ్టీ (పిడి వెనుక, పిడికిలి బిగిస్తేనే నొక్కుకునే మీట) నడుపుతుంది. రేంజికే వాడేవారికి ఏదైనా ఫరవాలేదు. తూటాతో నింపి వెంట తీసుకెళ్లేవారైతే ఏదో ఒక ఏర్పాటు ఉన్నదే ఎంచుకోవాలి.

శారద (ఫీనిక్స్):
రెండోదానికి నా సమాధానం. 9 ఎం.ఎం. 1911 కుదుపు చాలా తక్కువ, కొత్తగా నేర్చుకునేవారికి మంచి తోడు. కాని ఈ యంత్రాన్ని పొడవైన .45 తూటా కోసం కట్టారు. పొట్టి తూటాకు మ్యాగజైనులో వెనుక ఖాళీ పూరించాలి, తూటా బారెల్‌లోకి ఎక్కే దారి మారుతుంది. మంచి మ్యాగజైనులతో బాగానే నడుస్తుంది. మీరు నెలకు 500 రౌండ్లు కాల్చాలనుకుంటే 9 ఎం.ఎం. తీసుకోండి. 100 దగ్గర ఆగుతానంటే .45కే నా ఓటు, ఎందుకంటే మీ మనసు పడింది దాని మీద.

కృష్ణలంక (టొరంటో):
9 ఎం.ఎం. మాట వచ్చింది కనుక ఒక పక్క దారి చూపిస్తాను. మా నాన్నగారు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. ఆయన నడుముకు ఉండే పిస్టల్ పశ్చిమ బెంగాల్‌లోని ఈషాపూర్ కర్మాగారంలో తయారైన 9 ఎం.ఎం. ఆటో 1ఎ. పెద్దయ్యాక తెలిసింది, అది బ్రౌనింగ్ హై పవర్‌కు మన దేశపు రూపమని, దాని మూలం యుద్ధకాలంలో ఇదే టొరంటోలో ఇంగ్లిస్ కంపెనీ చేసిన నమూనా అని. నాన్నగారు ఆదివారం ఉదయం వరండాలో పాత పంచె పరిచి దాన్ని విప్పి తుడిచేవారు. మమ్మల్ని గడప దాటి రానిచ్చేవారు కాదు. నూనె వాసన మాత్రం లోపలిదాకా వచ్చేది.

బ్రౌనింగ్ 1926లో కన్నుమూశాక బెల్జియంలోని ఎఫ్ఎన్ సంస్థలో డ్యూడొనే సేవ్ పూర్తి చేసి 1935లో తెచ్చిన పిస్టల్ ఇది. 1911లో బారెల్‌ను కిందికి దించే ఊగే లింకు స్థానంలో ఇందులో గట్టి కామ్ దిమ్మె ఉంది, అరిగే భాగం ఒకటి తగ్గింది. మ్యాగజైనులో 13 రౌండ్లు పడతాయి. మ్యాగజైను తీసేస్తే పేలకుండా ఆపే ఏర్పాటు వల్ల ట్రిగర్ బరువుగా ఉంటుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ 2021లో తెచ్చిన ఎస్ఏ-35లో ఆ ఏర్పాటు తీసేసి, 15 రౌండ్ల మ్యాగజైను ఇచ్చారు. టర్కీ గిర్సాన్ వారి ఎంసీపీ35 అంతకంటే చవక. చవకగా 9 ఎం.ఎం. కాల్చాలి, ఉక్కు, పాతకాలపు అందం కూడా కావాలి అనుకునేవారికి 9 ఎం.ఎం. 1911 కంటే ఇదే సహజమైన దారి అని నా నమ్మకం, ఎందుకంటే ఇది మొదటి నుంచీ ఆ తూటా కోసమే పుట్టింది.

గోదారిగట్టు (హ్యూస్టన్):
కృష్ణలంక గారి మాటలు చదువుతుంటే ఆ వరండా కళ్లకు కట్టింది. ఈ సందర్భంలో చదివే యువకుల కోసం ఒక విషయం చెప్పాలి. హెచ్-1బి, విద్యార్థి వీసాల మీద ఉన్నవారికి అమెరికా ఫెడరల్ చట్టం కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ కలిగి ఉండడాన్ని నిషేధిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారు, పౌరులు కొనవచ్చు. స్నేహితుడి పేరు మీద కొనిపించుకోవడం నేరం. అలాగే ఇక్కడి .45ను గాని, 9 ఎం.ఎం.ను గాని ఇంటికి తీసుకెళ్దామని ఎవరూ ఆలోచించకండి, భారతదేశంలో అవి రెండూ నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. పిల్లలున్న ఇంట్లో తాళం ఉన్న ఇనుప పెట్టె ఖర్చు కూడా ఆ 1,000లోంచే తీయాలి.

ఉక్కుపని (డెట్రాయిట్):
నల్లరేగడి గారూ, దుకాణంలో పిస్టల్ చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలో చెబుతాను. ముందు ఖాళీగా ఉందని మీరే కళ్లతో, వేలితో నిర్ధారించుకోండి, అమ్మేవారి అనుమతి తీసుకోండి. హ్యామర్‌ను వెనక్కి లాగి నిలిపి, సేఫ్టీ మీట వేసి, ట్రిగర్‌ను గట్టిగా నొక్కి వదలండి. తర్వాత మీట దించండి. ఆ క్షణంలో హ్యామర్ ఇసుమంతైనా కదలకూడదు, చెవి దగ్గర పెట్టుకుని హ్యామర్‌ను కొద్దిగా వెనక్కి లాగితే టిక్కుమన్న చప్పుడు కూడా రాకూడదు. గ్రిప్ సేఫ్టీ నొక్కకుండా ట్రిగర్ లాగితే హ్యామర్ పడకూడదు. స్లైడ్ మూసి ఉన్నప్పుడు బారెల్ వెనుక భాగాన్ని బొటనవేలితో కిందికి అదమండి, దిగబడితే అమరిక వదులుగా ఉందన్నమాట. విప్పి చూడనిస్తే, తూటా బారెల్‌లోకి ఎక్కే దారిలో ఫ్రేము మీది వాలుకు, బారెల్ వాలుకు మధ్య అంగుళంలో 32వ వంతు ఖాళీ ఉందో లేదో చూడండి. రెండూ కలిసిపోయి ఉంటే తూటా ముక్కు అక్కడ తట్టుకుంటుంది. ఇవన్నీ సరిగ్గా ఉంటే స్లైడ్ మీది పేరు ఏదైనా తీసుకోండి.

నల్లరేగడి (డాలస్):
రెండు నెలల తర్వాత తిరిగి రాస్తున్నాను. ఉక్కుపని గారి పరీక్షలన్నీ చేసి, మూడు పిస్టళ్లు పక్కన పెట్టించి, నాలుగోదిగా టిసాస్ 1911ఎ1 తీసుకున్నాను, .45లోనే. పన్నుతో కలిపి 500 లోపే అయింది. తాళం పెట్టె, నాలుగు మెక్‌గార్ మ్యాగజైనులు, రెండు అదనపు రికాయిల్ స్ప్రింగులు, మిగిలినదానితో తూటాలు కొన్నాను.

ఇప్పటికి 640 రౌండ్లు కాల్చాను. ఆగింది మూడుసార్లు, మూడుసార్లూ తూటా ముక్కు పైకి లేచి బారెల్ అంచుకు తగిలి నిలిచిపోయింది. మొదట పిస్టల్‌నే అనుమానించి దిగులుపడ్డాను. శారద గారి మాట గుర్తొచ్చి ప్రతి మ్యాగజైను అడుగున రంగుతో చుక్కలు పెట్టి కాల్చాను. మూడుసార్లూ ఆగింది ఒకే మ్యాగజైనుతో, గన్ షోలో ఎనిమిది డాలర్లకు కొన్న పేరులేని పాతదానితో. దాని పెదవులను మంచిదాని పక్కన పెట్టి చూస్తే ఒకవైపు విచ్చుకుని ఉంది. దాన్ని తీసేశాక 400 రౌండ్లు ఏకబిగిన నడిచింది.

ఒక్క తప్పు నా చేతుల్లోనే జరిగింది. మొదటిసారి శుభ్రం చేసి బిగించేటప్పుడు, స్లైడ్‌ను ఫ్రేముకు కలిపి ఉంచే స్లైడ్ స్టాప్‌ను కిందనుంచి తోసి ఎక్కించాను, ఫ్రేము మీద విల్లు ఆకారంలో సన్నటి గీత పడింది. దాన్ని పోగొట్టే మార్గం ఉంటే చెప్పండి.

ఉక్కుపని (డెట్రాయిట్):
పూత మీద పడిన గీత కాబట్టి రుద్దకండి, రుద్దితే పక్కన పూత కూడా పోతుంది. నూనె రాసి తుప్పు పట్టకుండా చూసుకోండి చాలు. ఇకమీదట బిగించేటప్పుడు ఫ్రేము మీద స్లైడ్ స్టాప్ చివర తగిలే చోట ఒక పాత విజిటింగ్ కార్డు అడ్డం పెట్టండి, స్టాప్‌ను నేరుగా లోపలికి నొక్కండి, ప్లంజర్‌ను చిన్న స్క్రూడ్రైవరు మొనతో వెనక్కి అదిమి పట్టుకోండి.